అందిన టైము

"మధ్యాహ్నం భోజనం మానేస్తున్నారు కదూ?" అంది నర్సు, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

"లేదమ్మా. ఒంటిగంటకల్లా డబ్బా ఖాళీ చేస్తాను. కావాలంటే నాతో పనిచేసే పొట్టొదినను అడగండి, అందులో సగం తనే తింటుంది."

నర్సు నవ్వలేదు. మౌస్‌ను పైకీ కిందికీ తిప్పింది. నాలుగో అంతస్తులో, కిటికీ పక్కన ఆమె బల్ల. బీపీ, షుగరు, ఉబ్బసం లాంటి దీర్ఘకాలపు జబ్బులున్న వాళ్ళ ఫోన్లలో ఆసుపత్రి ఒక యాప్ పెట్టించింది. అందులోకి వచ్చే అంకెలన్నీ చూసుకునే బాధ్యత ఆమెది. అందుకే ఆసుపత్రిలో అందరూ ఆమెను వెనకాల ఫోన్ల నర్సు అంటారు. ఎదుట మాత్రం మేడమ్ అంటారు.

ఎదురుగా కూర్చున్న ఆవిడకూ అసలు పేరు మరుగున పడిపోయింది. ఆమె ఇదే ఆసుపత్రి అడుగున, రెండో సెల్లారులో ఉన్న లాండ్రీలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. మంచం దుప్పటిని మూడు విసుర్లలో అంచుకు అంచు కలిపి మడత పెట్టేస్తుంది. కొత్తగా చేరిన వాళ్ళను ఆమె పక్కన నిలబెట్టి, చూసి నేర్చుకోమంటారు. అలా మడతక్క అయింది. ఇంట్లో మొగుడు కూడా అప్పుడప్పుడూ నోరు జారి అలాగే పిలుస్తాడు.

"మరి మధ్యాహ్నం పూట బీపీ తొంభై ఆరుకి ఎలా పడిపోతోంది? ఒక రోజని కాదు, నెల రోజులుగా ఇదే వరస."

"మధ్యాహ్నం నేను చూసుకోనే చూసుకోను కదమ్మా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఇంటికెళ్ళాక ఒకసారి. మీరు చెప్పిందే అది."

"మరి ఈ అంకెలు ఎవరు పంపారు? మీ పొట్టొదినా?"

మడతక్క ఒళ్ళోని సంచీ తడిమింది. అందులో బీపీ మిషను ఉంది. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిందే. చేతికి పట్టీ చుట్టి బొత్తాం నొక్కితే అంకె ఫోనులోకి దానంతటదే వెళుతుంది. అంతకు మించి దాని సంగతి ఆమెకు తెలియదు.

"పొద్దున గడులన్నీ ఖాళీ," అంది నర్సు. "ఏడు నుంచి ఎనిమిది లోపు కొలవమన్నాం. నెలలో నాలుగంటే నాలుగు రోజులున్నాయి. అవి కూడా మీ సెలవు రోజులు."

"రోజూ కొలుస్తున్నానమ్మా. నిజంగా కొలుస్తున్నాను. ఏడున్నరకి మిషను ఆపి ఐదు నిమిషాలు ఇస్తారు మాకు, అప్పుడే కొలుస్తాను. అసలు నాకు కళ్ళు తిరిగేది కూడా ఆ పొద్దుటి పూటే. మీకు అది చెబుదామనే…"

"యాప్‌లో ఉంటేనే కొలిచినట్టు. ఇంట్లోనే కొలుచుకుని రావచ్చు కదా?"

"నేను ఇంట్లోంచి ఐదున్నరకి బయల్దేరతాను. ఏడు కాకముందు కొలిస్తే మీ యాపు తీసుకోదు. 'ఇంకా సమయం కాలేదు' అంటుంది."

నర్సు ఈసారి తలెత్తి చూసింది. ఆమె కళ్ళ కింద కూడా నల్లటి చారలున్నాయి. బయట బెంచీల మీద ఇంకో ఇరవై మంది కూర్చుని ఉన్నారు. "చూడండి, అందరికీ ఏదో ఒక కారణం ఉంటుంది. యాప్ వేసే మార్కుల్లో మీకు నూటికి యాభై రెండే వచ్చాయి. ఈ నెలాఖరుకి అరవై దాటకపోతే సహకరించని వాళ్ళ జాబితాలో పడతారు. అప్పుడు మిషను వెనక్కి ఇచ్చెయ్యాలి, ఉచిత మందులు ఆగిపోతాయి. మీరు ఇక్కడే పనిచేస్తున్నారు కాబట్టి మీ సూపర్‌వైజర్‌కి కూడా ఉత్తరం వెళుతుంది. నా చేతుల్లో ఏం లేదు."

డాక్టరు గదిలో రెండు నిమిషాలు పట్టింది. ఆయన మంచివాడే. కింద మడతక్క వాళ్ళ లాండ్రీలో ఇస్త్రీ చేసిన కోటే వేసుకున్నాడు, జేబు పైన మడత ఇంకా చెక్కు చెదరలేదు. తెరమీద గీతను వేలితో చూపించాడు. మధ్యాహ్నం బాగా కిందికి, సాయంత్రం బాగా పైకి. "పొద్దున వేసుకునే మాత్ర మధ్యాహ్నానికి ఎక్కువైపోతోంది. దాన్ని సగం చేద్దాం. రాత్రి మాత్ర పెంచుదాం. నీళ్ళు బాగా తాగండి."

"పొద్దున లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి డాక్టరుగారూ."

"అదే, సర్దుకుంటుంది," అన్నాడాయన చీటీ చింపుతూ.

*

"మూడు వారాల్లో ఇది రెండోసారి రాత్రి మాత్ర పెంచడం," అంది కూతురు, కొత్త మాత్రల అట్టను దీపం వెలుగులో తిప్పి చూస్తూ. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. అంకెల మీద దానికి పట్టుదల ఎక్కువ. కానీ తల్లి ఫోనులో చూస్తే అంకెలు లేవు. వరసగా చుక్కలు మాత్రం ఉన్నాయి. సాయంత్రాలకు పచ్చ చుక్కలు, పొద్దుట్లకు ఎర్ర చుక్కలు. ఎర్ర చుక్కను నొక్కితే 'ఆలస్యం' అని వస్తోంది. ఇంకేం చెప్పడం లేదు.

"నువ్వు కొలిచేటప్పుడు ఏదో తప్పు చేస్తున్నావేమో అమ్మా."

"నువ్వు కూడా నర్సులా మాట్లాడకు."

తండ్రి గచ్చు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. ఇళ్ళకు టైల్స్ పరిచే పని ఆయనది, రోజంతా మోకాళ్ళ మీదే. అప్పుడే ఫోను టింగుమంది. యాప్‌లో నవ్వుతున్న గుండె బొమ్మ వచ్చి, 'మీ గుండె మీతో మాట్లాడుతోంది, మీరు వింటున్నారా?' అంది.

"పాతికేళ్ళ కాపురంలో నేను ఇంత సణిగానా నిన్ను?" అన్నాడాయన.

మడతక్కకు నవ్వు వచ్చింది, అంతలోనే ఒళ్ళు మండింది. రాత్రి మాత్ర ఇప్పుడు బొటనవేలి గోరంత ఉంది. నీళ్ళతో మింగింది.

మర్నాడు పొద్దున మంచం దిగడమే కష్టమైంది. గోడ పట్టుకుని నిలబడితే గోడ కూడా మెల్లగా జారుతున్నట్టు అనిపించింది. బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది గనక సరిపోయింది. రెండో సెల్లారులోకి దిగే మెట్లు ముప్పై నాలుగు. ఆ రోజు మధ్యలో రెండుసార్లు ఆగి కమ్మీ పట్టుకుంది. కింద తలుపు తోస్తే ఎప్పటిలాగే వేడి ఆవిరి మొహానికి కొట్టింది.

లాండ్రీలో అన్నిటికన్నా పెద్దది రోలరు. లారీ అంత పొడవు, లోపల కాలే ఇనప గొట్టం. తడి దుప్పట్లను ఒకవైపు ఇద్దరు చెరో కొసా పట్టి పట్టా మీద పరుస్తారు. రోలరు వాటిని లోపలికి లాక్కుని, అవతలివైపు ఎండిన దుప్పటిగా వదులుతుంది. అక్కడ ఇద్దరు పట్టుకుని మడత పెడతారు. గంటకోసారి అటువాళ్ళు ఇటు మారతారు. పరిచే వైపు తల ఎత్తున ఒక ఎర్ర తాడు కట్టి ఉంటుంది. ఏదైనా జరిగితే లాగడానికి.

ఏడున్నరకి మిషను ఆగినప్పుడు మడతక్క మూలనున్న స్టూలు మీద కూర్చుని పట్టీ చుట్టుకుంది. తొంభై రెండు, యాభై ఆరు. ఫోనులో ఒక చక్రం గుండ్రంగా తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఎప్పుడూ అంతే కనక ఆమె పట్టించుకోకుండా జేబులో పెట్టేసుకుంది.

ఎనిమిది దాటాక, దుప్పటి కొస పట్టా మీద పెట్టి చేత్తో సాపు చేస్తుంటే ఎదురుగా ఉన్న పొట్టొదిన మొహం మసకబారింది. పొట్టొదిన ఏదో అంటోంది, మాట దూరం నుంచి వస్తోంది. దుప్పటి కదులుతోంది, దానితో పాటు చెయ్యి కూడా. తనది కానట్టు ఆ చెయ్యిని చూస్తూ నిలబడింది.

పొట్టొదిన మడమలెత్తి, ఒంటి బరువంతా వేసి ఎర్ర తాడు లాగింది.

రోలరు కీచుమని ఆగింది. చెయ్యి జానెడు దూరంలో ఆగిపోయింది. లోపల చిక్కుకున్న దుప్పటి మెల్లగా గోధుమరంగుకు తిరిగి, కాలిన వాసన వేసింది.

"చచ్చేదానివి కదే!" అంది పొట్టొదిన, తాడు వదలకుండానే. వరసకు వదినేమీ కాదు. మొదటి రోజు నుంచీ ఇద్దరూ అలా కలుపుకున్నారు. భుజం కిందికి వచ్చేంత ఎత్తు, గొంతు మాత్రం రోలరు చప్పుడును దాటి వినిపిస్తుంది. "కూర్చో ముందు. తల కిందికి పెట్టు."

సూపర్‌వైజర్ గాజు గది లోంచి పరిగెత్తుకొచ్చాడు. ముందు దుప్పటిని చూశాడు, తరవాత మనిషిని. "ఏమైంది?"

"బీపీ పడిపోయింది సార్."

"మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదా?"

ఆ మాటతో మడతక్కకు పడిపోయిన రక్తమంతా ఒక్కసారి తలకెక్కింది. "వేసుకుంటున్నాను కనకనే ఇలా ఉంది సార్."

ఆయనకు అర్థం కాలేదు, వినే ఓపిక కూడా లేదు. పైనుంచి రెండు వార్డులు దుప్పట్ల కోసం ఫోను చేస్తున్నాయి. "ఇప్పట్నించి రోలరు దగ్గర వద్దు. శుక్రవారం దాకా కోట్ల ఇస్త్రీ చూసుకో. అప్పటికీ డాక్టరు దగ్గర నుంచి కాగితం రాకపోతే మురికి గుడ్డల దగ్గరికి మారుస్తాను. నీ చెయ్యి పోతే నా ఉద్యోగం పోతుంది."

మురికి గుడ్డలంటే రక్తం, చీము అంటిన దుప్పట్లను రంగుల వారీగా ఏరడం. కొత్తగా చేరిన వాళ్ళను వేసే చోటది. పద్నాలుగేళ్ళ తరవాత మళ్ళీ అక్కడికి.

భోజనాల వేళ ఆమె డబ్బా పట్టుకుని మెట్లెక్కి, నేల మట్టానికి వచ్చి, వెలుతురు పడే చివరి మెట్టు మీద కూర్చుంది. ఫోను తీసి యాప్‌లో 'సహాయం' నొక్కింది. నవ్వే గుండె బొమ్మ మళ్ళీ వచ్చింది. 'మీ సమస్యను ఎంచుకోండి' అంది. కింద నాలుగు గడులు: మాత్ర మర్చిపోయాను, కొలవడం మర్చిపోయాను, నీళ్ళు తాగడం మర్చిపోయాను, ఇవేవీ కాదు.

ఆమె 'ఇవేవీ కాదు' నొక్కింది.

'చాలా సంతోషం! మీకు ఏ సమస్యా లేదు' అంది గుండె. తెర మీద కాగితం పూలు రాలాయి.

మడతక్క ఫోనును మెట్టు మీద బోర్లా పెట్టింది. గోడకేసి కొట్టకుండా ఉండడానికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

*

బుధవారం తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తుంటే సూపర్‌వైజర్ రెండో అంతస్తు వార్డు రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"నిన్న పొద్దున పది గంటల రౌండ్లకి డాక్టర్ల కోట్లు లేవంట. ఇస్త్రీ ఎన్నింటికి చేశారు?"

"తొమ్మిదింబావుకి సార్. రోలరు దగ్గర్నించి పంపేశారు కదా, తిన్నగా వచ్చి చేసింది అవే."

"అబద్ధం చెప్పకు. వార్డు సిస్టరు సంతకం ఉంది ఇక్కడ. రెండూ నలభైకి అందాయి."

"అందింది రెండు నలభైకి అయ్యుండొచ్చు."

ఆమె ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టి, మేకుకు గుచ్చిన చీటీల కట్ట తీసింది. లాండ్రీ నుంచి వెళ్ళే ప్రతి మూటకూ ఒక చీటీ ఉంటుంది. అందులో రెండు గడులు. పంపిన టైము కింద వీళ్ళు రాస్తారు, అందిన టైము అక్కడి వాళ్ళు రాస్తారు. వేళ్ళతో తిరగేసి నిన్నటిది లాగింది. "ఇదిగో. తొమ్మిదీ ఇరవై. మూట తోపుడుబండిలో పెట్టాను. లిఫ్టు పాడై మధ్యాహ్నం దాకా ఆ వసారాలోనే నిలబడి ఉంది బండి. ఎవరూ తీసుకెళ్ళలేదు. వాళ్ళకి చేరిన టైము చూసి, నేను చేసిన టైము కూడా అదేనంటే ఎట్లా సార్? నేను పొద్దున్నే చేసి పెట్టినా, పైకి వెళ్ళేదాకా వాళ్ళకి…"

మాట అక్కడే ఆగిపోయింది. చీటీ చేతిలోనే ఉంది.

"సరే, సరే, లిఫ్టు వాళ్ళతో మాట్లాడతాను," అన్నాడు సూపర్‌వైజర్, ఆమె మొహం చూసి కాస్త తగ్గుతూ. "ఏంటి, మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు సార్."

ఆయన వెళ్ళాక ఆమె పొట్టొదినను చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. "ఇక్కడ నీ ఫోనులో సిగ్నల్ ఉంటుందా?"

"మన సెల్లారులో సిగ్నలా? మనం బతికున్నామో లేదో కూడా బయట ఎవరికీ తెలియదు మూడింటి దాకా."

"నేను ఏడున్నరకి కొలుస్తాను. అంకె ఫోనులోనే కూర్చుంటుంది. మూడింటికి డ్యూటీ దిగి పైకి వెళ్ళినప్పుడు గాని అది నర్సు దగ్గరికి చేరదు. వాళ్ళు అందిన టైము రాసుకుంటున్నారు వదినా. నాకు పొద్దున పడిపోతుంటే, వాళ్ళ తెర మీద మధ్యాహ్నం పడిపోతోంది."

పొట్టొదిన కాసేపు ఆలోచించింది. "అయితే?"

"అయితే ఏంటి! మధ్యాహ్నం తగ్గుతోందని పొద్దుటి మాత్ర సగం కోశారు. సాయంత్రం ఎక్కువుందని రాత్రి మాత్ర పెంచారు. పొద్దున నన్ను పడేస్తున్నదే ఆ రాత్రి మాత్ర."

"అంటే కుడికాలు విరిగిందంటే ఎడమకాలికి కట్టు కట్టి, అదీ చాలదని ఇంకా బిగించారన్నమాట."

"అదీ సంగతి."

"మరి వెళ్ళి చెప్పు."

వెళ్ళింది. డ్యూటీ దిగగానే నాలుగో అంతస్తుకు వెళ్ళింది. నర్సు బల్ల చుట్టూ జనం. ఒక పెద్దాయన ఫోను తలకిందులుగా పట్టుకుని తన షుగరు అంకె కనిపించడం లేదని గోల పెడుతున్నాడు. ఇంకొకామెకు పాస్‌వర్డు గుర్తులేదు. మడతక్క వెనకనుంచి, "మేడమ్, ఒక్క మాట," అంది.

"టోకెనుందా?"

"టోకెను కాదమ్మా, టైము గురించి…"

"సోమవారమే కదా చూశాం మిమ్మల్ని. ఏదైనా ఉంటే యాప్‌లో రాయండి, నేను చూస్తాను." అని నర్సు పెద్దాయన ఫోనును తిన్నగా తిప్పి పెట్టింది.

యాప్‌లో రాయడానికి చోటు లేదని చెబుదామనుకుంది మడతక్క. ఆ మాట వినేవాళ్ళు లేరు.

ఇంట్లో జరిగినదంతా చెబితే మొగుడు మాత్రల అట్టను కిటికీలోంచి పారేయబోయాడు. కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నా, బీపీ మాత్ర అడక్కుండా ఆపకూడదు. ఆపితే ఇంకో రకంగా మీద పడుతుంది." ఇద్దరూ వాదించుకుంటుంటే మడతక్క మధ్యలో కూర్చుని అట్టను చూస్తోంది. అది తప్పని తెలుసు. తప్పని చెప్పాల్సిన వాళ్ళకు తెలియదు. ఇవాళ వేసుకోకపోతే, రేపు నర్సు అడిగితే, అప్పుడు నిజంగానే సహకరించని మనిషి అవుతుంది. ఆ ఒక్క మాట మాత్రం వాళ్ళ నోటికి నిజం చేసి ఇవ్వదలచుకోలేదు.

కోపంతోనే మాత్ర మింగింది. గొంతులో అడ్డం పడి ఇంకో గ్లాసు నీళ్ళు తాగాల్సి వచ్చింది.

*

గురువారం ఏడున్నరకి తొంభై, యాభై ఆరు. ఆ రోజు ఆమె స్టూలు మీద నుంచి పావుగంట లేవలేకపోయింది. పొట్టొదిన తన పని, ఆమె పని కలిపి చేసింది. కాసేపటికి లేచి, కోట్లు ఒక్కొక్కటే ఇస్త్రీ చేసి, పన్నెండుకు నాలుగో అంతస్తు మూట కట్టి, చీటీ మీద పంపిన టైము రాసి, తోపుడుబండి తనే తోసుకుంటూ లిఫ్టు ఎక్కింది. లిఫ్టు నేల మట్టానికి వచ్చిందో లేదో జేబులో ఫోను టింగుమంది. తీసి చూసుకుంది. పన్నెండు పది.

ఫోన్ల నర్సు అప్పుడే భోజనానికి లేవబోతోంది. కోట్ల బండి చూసి, "అక్కడ పెట్టండి," అంది.

మడతక్క బండిని బల్లకు అడ్డంగా పెట్టింది. కావాలనే పెట్టింది. నర్సు బయటికి రావాలంటే దాన్ని జరపాలి.

"ఈ చీటీ మీద అందిన టైము రాసి సంతకం చెయ్యండమ్మా."

నర్సు గడియారం చూసి పన్నెండు పద్నాలుగు అని రాసింది.

"ఈ కోట్లు నేను ఎన్నింటికి ఇస్త్రీ చేశాను?"

"నాకేం తెలుసు? పొద్దున ఎప్పుడో చేసుంటారు."

"మీరు రాసిన టైముకి చెయ్యలేదు కదా?"

"లేదు. అయితే?"

"ఇప్పుడు మీ కంప్యూటర్‌లో నా పేజీ తీసి చూడండి. ఇవాళ బీపీ ఎన్నింటికి కొలిచానని ఉంది?"

నర్సు నిట్టూర్చింది. కానీ కూర్చుంది, బండి దారిస్తే కదా. వేళ్ళు ఆడించింది. "పన్నెండు పది. తొంభై, యాభై ఆరు. ఇప్పుడే కొలిచి వచ్చారా? ఇంత తక్కువుంటే బండి ఎందుకు తోస్తున్నారు?"

"పన్నెండు పదికి నేను లిఫ్టులో ఉన్నానమ్మా. రెండు చేతులూ ఈ బండి మీద ఉన్నాయి. మిషను కింద స్టూలు మీద ఉంది. మొన్న మంగళవారం ఎన్నింటికి ఉంది? పన్నెండున్నర దాటాక ఉంటుంది చూడండి, ఆ రోజు డబ్బా తినడానికి మెట్లెక్కాను. మిగతా రోజులన్నీ మూడు దాటాక. డ్యూటీ దిగే టైము. నేను పైకి వచ్చినప్పుడు మీకు అందుతోంది. కొలిచింది ఏడున్నరకి."

నర్సు తెర వైపు చూసింది. మూడూ నాలుగు, మూడూ ఆరు, మూడూ నాలుగు, పన్నెండూ నలభై. వేలు ఆ వరస మీద ఆగింది.

"అలా ఉండదే," అంది, గొంతు కాస్త తగ్గించి. "అది కొలిచిన టైమే తీసుకుంటుందని చెప్పారు మాకు."

"ఎవరు చెప్పారో వాళ్ళు మా సెల్లారులోకి ఎప్పుడూ దిగలేదు."

నర్సు భోజనం డబ్బా తీసి మళ్ళీ సొరుగులో పెట్టింది. అలమరలోంచి కొత్త మిషను ఒకటి తీసి, యాప్‌లో తన పేరున ఒక పేజీ తెరిచి, తన ఫోనుకు జోడించుకుంది. "పదండి. ఐదు నిమిషాలే."

లాండ్రీ తలుపు తియ్యగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవిరి, రోలరు రొద, తడిసిన గుడ్డల వాసన. పొట్టొదిన దుప్పటి కొస పట్టుకునే, "ఎవరే ఈ అమ్మాయి, కొత్తగా చేరుతోందా?" అని అరిచింది. మడతక్క స్టూలు చూపించింది. నర్సు కూర్చుని పట్టీ చుట్టుకుంది. అంకె వచ్చింది. ఫోనులో చక్రం గుండ్రంగా తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఆమె చెయ్యి పైకెత్తి, పక్కకు జరిపి చూసింది. సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. గోడ గడియారం పన్నెండూ ఇరవై ఆరు చూపిస్తోంది.

"మీరు రోజూ ఇందులోనే…" అని ఏదో అనబోయి ఆగిపోయింది. నుదుటి మీద చెమటను మోచేత్తో తుడుచుకుంది.

నాలుగో అంతస్తుకు తిరిగి వచ్చేసరికి పన్నెండూ నలభై రెండు. కంప్యూటర్‌లో ఆమె సొంత పేజీలో కొత్త అంకె పడి ఉంది. కొలిచిన సమయం: పన్నెండూ నలభై ఒకటి.

నర్సు ఆ వరసను రెండుసార్లు చదివింది. తరవాత బల్ల మీది ఫోనెత్తి డాక్టరుతో మాట్లాడింది. మాటలు తడబడ్డాయి, రెండుసార్లు మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. అవతలినుంచి జవాబు మాత్రం క్లుప్తంగా వచ్చింది. ఆమె చీటీ మీద రాసి మడతక్కకు ఇచ్చింది. "రాత్రి మాత్ర ఆపెయ్యమన్నారు. పొద్దుటి మాత్ర మునుపటిలా పూర్తిగా వేసుకోమన్నారు. వారం రోజులు రోలరు దగ్గరికి వద్దు, ఆ తరవాత వెళ్ళొచ్చని మీ సూపర్‌వైజర్‌కి నేను కాగితం రాస్తాను." కాస్త ఆగి, "ఇది ముందే చెప్పి ఉండాల్సిందట. డాక్టరుగారు అన్నారు," అంది.

మడతక్క చీటీని మడత పెట్టింది. ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. గోరంత అయ్యేదాకా.

"చెప్పాను," అంది. "ఈ కుర్చీలోనే కూర్చుని చెప్పాను. ఆయనకీ చెప్పాను, మీకూ చెప్పాను. ఇంకెక్కడ కూర్చుని చెప్పాలో మీరే చెప్పండి."

"అవును," అంది నర్సు.

మడతక్క బండి హ్యాండిల్ పట్టుకుంది. గెలిచానని అనిపించాలి, అనిపించడం లేదు. నెల రోజులుగా పొద్దున్నే గోడలు పట్టుకుని నడిచిన నడకకు ఎవరి దగ్గరా లెక్క లేదు. కిందికి వెళ్ళాలి, పొట్టొదిన ఒక్కతే ఉంది. తిరగబోతుంటే నర్సు, "ఒక్క నిమిషం ఉండండి," అంది.

ఆమె కంప్యూటర్‌లో సహకరించని వాళ్ళ జాబితా తెరిచింది. అరవై ఏడు మంది. ఒక్కొక్క పేజీ తీసి, తెరను కొద్దిగా మడతక్క వైపు తిప్పింది. ఒకాయనకు పొద్దుటి అంకెలన్నీ మధ్యాహ్నం పన్నెండున్నరకే వచ్చి పడుతున్నాయి. ఒకావిడకు వారంలో ఐదు రోజులు సాయంత్రం ఆరూ పదికి. ఇంకొకరికి వారం మొత్తం అంకెలు ఆదివారం ఒక్కసారే కుప్పగా.

"ఈయనెవరు?" అంది మడతక్క, మొదటి పేజీ చూపించి.

నర్సు కిందికి జరిపింది. "శీతల గిడ్డంగిలో పని అని ఉంది."

"ఇనప తలుపులు. అక్కడ మాత్రం సిగ్నల్ ఎక్కడిది?"

నర్సు ఆయన మాత్రల వరస చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె మొహం పాలిపోయింది. ఆయనకూ రాత్రి మాత్ర పెంచారు, రెండుసార్లు. ఒక తెల్లకాగితం లాక్కుని, పెన్ను మూత తీసి, ఫోను స్పీకరులో పెట్టి నంబరు కొట్టింది. నాలుగుసార్లు మోగింది. ఎత్తాక, "ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను," అంది నర్సు.

"అమ్మా, కొలుస్తున్నానమ్మా," అంది అవతలి గొంతు, ఆమె మాట పూర్తి కాకముందే. యాభై దాటిన మనిషి గొంతు, ఎక్కడో నడుస్తూ మాట్లాడుతున్నట్టు రొప్పుతోంది. "ఒట్టు, రోజూ పొద్దున్నే కొలుస్తున్నాను. మాత్రలు కూడా ఒక్కటి మానలేదు. మార్కులు ఎందుకు రావడం లేదో నాకు తెలియడం లేదు. ఈ ఒక్క నెలకీ పేరు తీసెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను."

నర్సు చేతిలో పెన్ను కాగితం మీద అలాగే నిలిచిపోయింది. సిరా ఒక చుక్కగా దిగింది. మడతక్క బండిని వదిలి, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"పేరు తియ్యడానికి కాదండీ," అంది నర్సు చివరికి. "మీరు కొలుస్తున్నారని నాకు తెలుసు. తప్పు మాది. ఎన్నింటికి కొలుస్తున్నారో, మీకు ఏ పూట ఎలా ఉంటోందో మొత్తం చెప్పండి. మెల్లగా చెప్పండి, నేను రాసుకుంటాను."

అవతల అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"ఇంతకీ ఎవరండీ మాట్లాడేది?" అన్నాడాయన, అనుమానంగా.